మొదటి ముద్దాయి కన్నతండ్రే

పెద్దకర్మ భోజనాలు ముగిసి, చుట్టాలు బస్సులకు లేచేలోపు ఎవరో ఒకరు గొంతు సవరించుకుని ‘నాయన వీలునామా రాసి పోయాడు’ అంటారు. అప్పటిదాకా తొలి భార్య పిల్లలు ‘పిన్నీ’ అని పిలిచిన మనిషి ఆ పూట నుంచి ‘ఆవిడ’ అవుతుంది. ఆమె తమ్ముడు సంచిలోంచి కాగితాలు తీస్తాడు. పెద్దకొడుకు వాటిని అందుకుని ముందు చివరి పేజీ తిప్పి సంతకం చూస్తాడు. నెల తిరక్కుండా లాయరు నోటీసు, ఆ తర్వాత పార్టిషన్ దావా, వెంటే ఇంజంక్షన్. ఇక ఏళ్ళ తరబడి వాయిదాలు.

ఊరు మాత్రం తీర్పు ఆ రోజే చెప్పేస్తుంది. సగం మంది ‘సవతి తల్లి గదా, రాయించుకుంది’ అంటారు. మిగతా సగం ‘బతికుండగా తండ్రి మొహం చూడనివాళ్ళు ఇప్పుడొచ్చారు ఆస్తికి’ అంటారు. ఈ రెండు తీర్పులూ అసలు ముద్దాయిని వదిలేస్తున్నాయి. రెండు కుటుంబాలను ఒక ఇంటికి చేర్చి, ఎవరికి ఏది చెందుతుందో బతికున్నన్నాళ్ళూ నోరు విప్పి చెప్పకుండా, చాటుగా ఒక కాగితం రాసి, లేదా అదీ రాయకుండా పోయినవాడే ఈ తగాదాకు మూలం. దండ వేసిన ఫొటోలో ఉన్నాడు గనుక ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపరు. మేం చూపుతున్నాం. ఆయన మౌనానికి కాపలా కాస్తున్న చట్టాన్నీ, చూస్తూ ఊరుకున్న ప్రభుత్వాలనూ ఆయన పక్కనే నిలబెడుతున్నాం.

కోట్లున్న ఇళ్ళ గొడవలైతే పత్రికలకెక్కుతాయి. 2025 జూన్‌లో పారిశ్రామికవేత్త సంజయ్ కపూర్ ఇంగ్లండ్‌లో పోలో మైదానంలో కుప్పకూలి కన్నుమూశారు. ఆయనకూ నటి కరిష్మా కపూర్‌కూ పుట్టిన పిల్లలు, తండ్రి పేరిట బయటికొచ్చిన వీలునామా నకిలీదంటూ ఢిల్లీ హైకోర్టుకెక్కారు. ఆయన తర్వాతి భార్య ఆ ఆరోపణను తోసిపుచ్చారు. నిజమేదో కోర్టు తేల్చాలి. ఆ కేసులో ప్రతి వాయిదా దేశానికి వార్తే. నరసరావుపేటలోనో జనగామలోనో రెండెకరాల పొలం, మూడు గదుల డాబా, ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇదే తగాదా నడుస్తుంటే పట్టించుకునే నాథుడు లేడు. అక్కడ ఓడినవాళ్ళకు ఇంకో ఇల్లు ఉండదు.

తండ్రి మీద మా అభియోగం ఇదీ. రెండో పెళ్ళి చేసుకునేటప్పుడు ఆయన రెండు మాటలిస్తాడు. తొలి భార్య పుట్టింటివాళ్ళు పిల్లల గురించి నిలదీస్తే ‘వాళ్ళ ఆస్తి ఎక్కడికీ పోదు’ అంటాడు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి తండ్రి అడిగితే ‘మీ పిల్లకు ఏ లోటూ రానివ్వను’ అంటాడు. రెండు మాటలూ అదే ఇంటిని, అదే పొలాన్ని చూపించి ఇచ్చినవే. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళు ఆ ఊసెత్తడు. పిల్లలు అడిగితే ‘నేనింకా చావలేదు’ అంటాడు. భార్య అడిగితే ‘ఇందుకేనా నన్ను చేసుకున్నావు’ అంటాడు. అడగడమే తప్పు అనే ఇంట్లో అందరూ మౌనంగా అనుమానిస్తూ బతుకుతారు. ఆయన మంచాన పడ్డాక ఆ అనుమానం మంచం చుట్టూ తిరుగుతుంది. ఎవరు దగ్గరున్నారు, ఎవరు తలుపు వేసుకుని మాట్లాడారు, వేలిముద్ర ఎప్పుడు పడింది?

రాసినవాళ్ళు రాసిన తీరు చూడండి. రెండో పెళ్ళి ఇళ్ళ వీలునామాల్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది. తొలి భార్య సంతానానికి విద్యాబుద్ధులు చెప్పించి, వివాహాలు జరిపించి, వారికి చెందవలసినది ముట్టజెప్పినందున ఇకమీదట నా ఆస్తిపై వారికి ఎలాంటి హక్కూ లేదని దాని సారాంశం. ఆ ఒక్క వాక్యంతో చదువు, పెళ్ళి లెక్క చూసి చెల్లు వేసిన వాటాలైపోతాయి. ఎనిమిదేళ్ళప్పుడు తల్లిని పోగొట్టుకున్న ఆడపిల్ల, తన పెళ్ళి ఖర్చే తన వాటా అని పదిమందిలో చదివించుకుని వింటుంది. రెండో భార్య పిల్లల చదువులకూ డబ్బు ఖర్చయింది. అది మాత్రం ఏ పద్దులోనూ ఉండదు.

పైగా ఆ కాగితంలో ఆయనవి కానివీ ఉంటాయి. తొలి భార్య వీలునామా లేకుండా చనిపోతే ఆమె నగలు, పసుపు కుంకుమ కింద వచ్చిన పొలం, ఆమె పేరున ఉన్న స్థలం ఆమె పిల్లలకూ భర్తకూ సమానంగా చెందుతాయి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ఈ మాట స్పష్టంగా చెబుతోంది. ఇద్దరు పిల్లలుంటే అందులో ఆయనది మూడో వంతే. అయినా మొత్తం రాసేస్తారు. బీరువా తాళాలు ఆయన దగ్గరున్నాయి గనుక నగలూ ఆయనవే అయిపోయాయి. పిత్రార్జితం సంగతీ అంతే. ఉమ్మడి ఆస్తిలో కొడుకులకూ, 2005 సవరణతో కూతుళ్ళకూ పుట్టుకతోనే హక్కుంది. తండ్రి రాయగలిగింది తన వాటా వరకే. కానీ తాతల నాటి పొలాన్ని ‘నా స్వార్జితం’ అని ఒక్క మాట చేర్చి రాయించేస్తారు. ఆ మాట అబద్ధమని రుజువు చేయడానికి పిల్లలు పాత అడంగల్ నకళ్ళ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాలి.

ఇక ఏమీ రాయకుండా పోయినవాళ్ళ ఇళ్ళు. ఒక మనిషికి తొలి భార్య పిల్లలు ఇద్దరు, రెండో భార్య, ఆమెకు పుట్టిన బిడ్డ ఒకరు ఉన్నారనుకుందాం. తల్లి లేదు. వీలునామా లేకపోతే ఆయన స్వార్జితం నలుగురికీ తలా పావు వంతు. ఇక్కడిదాకా చట్టం న్యాయంగానే ఉంది. కొన్నేళ్ళకు ఆ రెండో భార్య కూడా వీలునామా లేకుండానే కన్నుమూస్తే ఆమె పావు వంతు మొత్తం ఆమె కన్నబిడ్డకే పోతుంది. ఆమె చేతుల్లో పెరిగిన తొలి భార్య పిల్లలకు చిల్లిగవ్వ రాదు. వారసత్వ చట్టం 15వ సెక్షన్‌లో ‘కొడుకు’ అంటే సవతి కొడుకు కాడని 1987లో లచ్మన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చివరికి తండ్రి ఆస్తిలో సగం ఒక బిడ్డకు, పావు, పావు మిగతా ఇద్దరికి. ముగ్గురూ ఆయన పిల్లలే.

తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకున్న ఇంట్లో లెక్క ఇంకా చేదుగా ఉంటుంది. మొదటి భర్త నుంచి ఆమెకు వచ్చిన ఆస్తి, ఆమె వీలునామా లేకుండా పోతే, ఆమె పిల్లలతో సమానంగా రెండో భర్తకూ వెళుతుంది. అంటే పిల్లల సొంత తండ్రి కష్టార్జితంలో మారుతండ్రికి వాటా. అదే మారుతండ్రి పోతే, ఆయన ఎత్తుకుని పెంచిన పిల్లలకు ఆయన ఆస్తిలో వారసత్వ హక్కు లేదు. చట్టప్రకారం దత్తత తీసుకుని ఉండాలి, లేదా వీలునామా రాసి ఉండాలి. బడి రిజిస్టర్లో తండ్రి పేరు ఆయనదే అయినా ప్రయోజనం లేదు.

సవతి తల్లి మీద పడే నిందలో ఎంత అన్యాయం ఉందో కూడా చెప్పాలి. మన ఊళ్ళలో రెండో పెళ్ళి చాలాసార్లు పిల్లల్ని చూసుకోవడానికి మనిషి కావాలనే జరుగుతుంది. కట్నం ఇవ్వలేని ఇంటి పిల్లనో, పిల్లలు పుట్టరని మొదటి భర్త వదిలేసిన మనిషినో వెతికి తెస్తారు. ఆమె ఆ పిల్లలకు జడలు వేస్తుంది, జ్వరమొస్తే రాత్రిళ్ళు కూర్చుంటుంది, ఆఖర్న భర్తకు పక్షవాతమొస్తే మంచంలోనే పక్కబట్టలు మారుస్తుంది. వారానికి మూడుసార్లు ఆటోలో డయాలసిస్‌కు తీసుకెళ్ళేది ఆమే. ఆ మనిషి పోయిన పదమూడో రోజున ‘మా అమ్మ ఇల్లు, ఖాళీ చెయ్యి’ అంటే ఎక్కడికి పోవాలి? ఇలాంటి ఆమెకు భర్త ఇల్లు రాసిస్తే అది దోపిడీ కాదు. పిల్లలకు కోపం రావాల్సింది ఆమెకు రాసినందుకు కాదు, తమకు చెప్పకుండా రాసినందుకు.

చట్టం ఆమెను పూర్తిగా మరిచిపోలేదు. సంతానం లేని సవతి తల్లి కూడా తల్లే, ఆమెను పోషించాలని 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. వృద్ధుల సంక్షేమం కోసం 2007లో తెచ్చిన చట్టం తల్లిదండ్రులంటే సవతి తల్లి, మారుతండ్రి కూడా అని నిర్వచనంలోనే చేర్చింది. ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు ఆమె వెళ్ళవచ్చు. మరి పోషించే రోజున తల్లీబిడ్డలని ఒప్పుకున్న చట్టం, పంచే రోజున వాళ్ళను పరాయివాళ్ళను చేయడమేమిటి? అన్నం పెట్టే బాధ్యత ఉన్నవాడికి వారసత్వం లేదనడం ఏ న్యాయం? పార్లమెంటు ఈ ప్రశ్నకు దాదాపు డెబ్బయ్యేళ్ళుగా జవాబు చెప్పలేదు.

మంచి ఉద్దేశంతో రాసిన వీలునామా కూడా ఎలా ఇరుక్కుంటుందో చూడండి. ఇద్దరికీ న్యాయం చేయాలనుకున్న తండ్రులు ఎక్కువగా రాసేది ఒకటే: భార్య జీవితాంతం ఇంట్లో ఉండి అనుభవించాలి, తదనంతరం పిల్లలకు చెందాలి. వినడానికి ఇంతకన్నా ధర్మమైన మాట లేదు. కానీ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం స్త్రీ చేతికొచ్చిన ఆస్తి ఆమెకు సంపూర్ణ హక్కుగా మారుతుంది. దాని కింది రెండో ఉపసెక్షన్, వీలునామాలో షరతు పెట్టి ఇస్తే ఆ షరతు నిలుస్తుందంటుంది. ఏది ఎప్పుడు వర్తిస్తుంది? నెల్లూరు మున్సిఫ్ కోర్టులో ఒక వితంతువు మనోవర్తి కోసం వేసిన దావా నుంచి పుట్టిన తులశమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు, భరణం హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి షరతులున్నా ఆమెకు సంపూర్ణంగా దక్కుతుందని చెప్పింది. ఆడవాళ్ళకు అది గొప్ప తీర్పు, దాన్ని మేం మనస్ఫూర్తిగా సమర్థిస్తాం. తర్వాతి దశాబ్దాల్లో ఇంకొన్ని తీర్పులు వీలునామాలో పెట్టిన షరతు నిలుస్తుందన్నాయి. ఈ గందరగోళాన్ని తీర్చడానికి విషయాన్ని విస్తృత ధర్మాసనం ముందుంచాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే అంది. అంటే చట్టం వచ్చి అరవై ఎనిమిదేళ్ళయ్యాక కూడా, ‘తదనంతరం నా పిల్లలకు’ అన్న మాటకు ఎంత విలువో ఊళ్ళో లాయరు కచ్చితంగా చెప్పలేని స్థితి. ఆ అనిశ్చితిలో ఆమె ఇల్లు అమ్మితే పిల్లలు దావా వేస్తారు, కొన్నవాడు మూడో పార్టీగా చేరతాడు.

మతాన్ని బట్టి రూలు మారుతుందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. క్రైస్తవుడు వీలునామా రాశాక పెళ్ళి చేసుకుంటే ఆ వీలునామా రద్దవుతుంది. హిందువుకు అలా కాదు. తొలి భార్య ఉన్న రోజుల్లో రాసిన పాత కాగితం, రెండో పెళ్ళయి పాతికేళ్ళు గడిచినా చెల్లుతుంది. అలా ఏ బీరువా అరలోంచో బయటపడ్డ పాత వీలునామా రెండో భార్యను, ఆమె పిల్లలను రోడ్డున పడేయగలదు. ముస్లిం చట్టం మాత్రం వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయనివ్వదు. స్వార్జితం మొత్తాన్ని ఒకరి పేరున రాసి మిగతా బిడ్డల్ని వదిలేసే స్వేచ్ఛ హిందూ తండ్రికి ఉంది. మైనరు పిల్లలు, పెళ్ళికాని కూతుళ్ళు ఆస్తి తీసుకున్నవాళ్ళ నుంచి పోషణ అడిగే హక్కు కాగితం మీద ఉన్నా, ఆ సంగతి వాళ్ళకు చెప్పేవారెవరు?

రుజువు దగ్గరికొద్దాం. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు సంతకం పెడితే చాలు, కోర్టులో వాళ్ళలో కనీసం ఒకరు వచ్చి చెప్పాలి. పల్లెలో చదువురాని మనిషి కూడా తన ఇష్టం రాయించుకోగలగాలని పెట్టిన వెసులుబాటు అది, దాన్ని తీసేయమని మేం అనం. కానీ దొంగ కాగితానికీ అదే దారి. జీవితమంతా సంతకం చేసిన రిటైర్డ్ టీచరు వీలునామాలో వేలిముద్ర ఎందుకు వేశాడు? వేశాడే అనుకుందాం, చేయి పడిపోయిందన్న మాట కాగితంలో ఎందుకు లేదు? సంతకం కింద ఖాళీ ఉంచి, పైన అక్షరాలు ఎందుకు ఇరికించారు? సాక్షులిద్దరూ లబ్ధిదారుడి బావమరుదులే ఎందుకయ్యారు? ఇలాంటి అనుమానాలన్నింటినీ తొలగించాల్సింది వీలునామాను ముందుకు తెచ్చినవాడేనని వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు ఆరు దశాబ్దాల కిందటే చెప్పింది. సూత్రం మంచిదే. దాన్ని అమలు చేసేసరికి సాక్షి ముసలివాడవుతాడు, లేదా పోతాడు. ఈ మోసం ఒక పక్షం సొత్తు కాదు. సవతి తల్లి పేరున దొంగ వీలునామా పుట్టినట్టే, ఆమెను గెంటేయడానికి పిల్లల పేరున కూడా పుడుతుంది.

రిజిస్టర్ చేసినవాటి సంగతైనా మెరుగా అంటే, అదీ లేదు. రాష్ట్రంలో ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనైనా వీలునామా రిజిస్టర్ చేయించవచ్చు. అది ఈసీలో కనిపించదు. రాసిన మనిషి పోయాక ఎవరైనా నకలు తీసుకోవచ్చని చట్టం చెబుతోంది, కానీ ఏ ఆఫీసులో వెతకాలో తెలియాలి గదా. తెనాలిలో ఉన్న ఇంటికి అనంతపురంలో వీలునామా రిజిస్టరైతే, డల్లాస్ నుంచి పది రోజుల సెలవు మీద దినానికి వచ్చిన కొడుక్కి ఎలా తెలుస్తుంది? అతను తండ్రి ఇచ్చిన జీపీఏ చేతిలో ఉంది గదా అనుకుంటాడు. తండ్రి చనిపోయిన క్షణానే దాని ప్రాణమూ పోయిందని ఎవరూ చెప్పరు. బ్యాంకులో నామినీగా ఉన్న భార్య ఆ డబ్బంతా తనదే అనుకుంటుంది. నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకు అప్పగించాల్సిన మనిషి మాత్రమేనని ఎల్‌ఐసీ పాలసీ మీద వచ్చిన సర్బతీ దేవి కేసులో 1983లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సూరెన్స్‌లో 2015 సవరణతో భార్యాపిల్లల విషయంలో ఇది మారింది, డిపాజిట్లలో మారలేదు. ఈ తేడాలు బ్యాంకు గుమస్తా చెప్పడు, ఏజెంటు చెప్పడు.

పిల్లల వంతు కూడా దాచకుండా చెప్పాలి. తల్లి పోయిన అరవయ్యేళ్ళ తండ్రి తోడు కావాలంటే పరువు పోయిందని ఆయనతో మాట్లాడడం మానేసిన కొడుకులున్నారు. పెళ్ళికి వెళ్ళరు, ఆమెను పలకరించరు, తర్వాత వీలునామాలో తమ పేరు లేదని ఆశ్చర్యపోతారు. ఆ తండ్రి చాటుగా రాశాడంటే, బాహాటంగా చెబితే ఇల్లు రణరంగమవుతుందని భయపడి ఉండవచ్చు. అయినా బాధ్యత ఆయనదే. ఆస్తి సంపాదించినవాడికి దాన్ని గురించి నిలబడి మాట్లాడే ధైర్యం ఉండి తీరాలి. పిల్లలనూ భార్యనూ కూర్చోబెట్టి, ఇది వీళ్ళకు, ఇది ఆమెకు, కారణం ఇదీ అని ఒక్క సాయంత్రం చెప్పగలిగితే ఆ మాటలకు వచ్చే కోపం ఆయన ముందే వస్తుంది, ఆయన ముందే చల్లారుతుంది. చెప్పకుండా పోతే ఆ కోపమంతా ఒక వితంతువు మీద పడుతుంది.

ఇక ప్రభుత్వాలు. వీలునామాలు, వారసత్వం రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలోని అంశం. కేంద్రం కదిలేదాకా ఆగాల్సిన పని లేదని నిరూపించింది తెలుగు శాసనసభే. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన వాటా ఇస్తూ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని సవరించుకుంది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. అదే చొరవతో 15వ సెక్షన్‌ను కూడా రెండు తెలుగు రాష్ట్రాలూ సవరించుకోవచ్చు. భర్త నుంచి వచ్చిన ఆస్తి స్త్రీ తదనంతరం ఆ భర్త పిల్లలందరికీ, ఏ తల్లికి పుట్టినా సరే, సమానంగా చెందాలి. మొదటి భర్త నుంచి వచ్చిన దానిలో రెండో భర్తకు వాటా ఉండకూడదు. ఆమె బతికున్నంతకాలం ఆమె హక్కుకు చిన్న గీత కూడా పడకుండా ఈ రెండు మార్పులూ చేయవచ్చు.

వివాహాల నమోదు తప్పనిసరి చేసిన చట్టం 2002 నుంచీ ఉంది. పిల్లలున్న మనిషి మళ్ళీ పెళ్ళి నమోదు చేసుకునేటప్పుడు ఆ పిల్లల పేర్లు, చనిపోయిన తల్లి నుంచి వాళ్ళకు చెందిన ఆస్తుల వివరాలు ఒక డిక్లరేషన్‌గా దాఖలు చేయాలన్న నిబంధన పెడితే, మైనరు పిల్లల నగలు, పొలం ఆ రోజే రికార్డులోకెక్కుతాయి. కొత్తగా వచ్చే భార్యకూ తన భర్తకు నిజంగా ఉన్నదేమిటో తెలుస్తుంది.

రిజిస్ట్రేషన్ శాఖ చేయాల్సిన పనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. మరణ ధ్రువపత్రం చూపించినవారికి, ఆ వ్యక్తి పేరున రాష్ట్రంలో ఏ ఆఫీసులోనైనా వీలునామా రిజిస్టరై ఉందో లేదో ఒక్కచోటే చెప్పే సూచిక కావాలి. వయసు మళ్ళినవారు, ఆస్పత్రిలో ఉన్నవారు వీలునామా రిజిస్టర్ చేయించేటప్పుడు సబ్ రిజిస్ట్రార్ వాళ్ళతో ఏకాంతంగా మాట్లాడి ఆ సంభాషణను వీడియో తీసి భద్రపరచాలి. ఎవరికీ తెలియకూడదనుకునేవారు సీలు వేసిన కవరులో వీలునామాను జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకునే సదుపాయం 1908 నాటి చట్టంలోనే ఉంది, దాని గురించి ఆఫీసు గోడ మీద ఒక్క బోర్డయినా పెట్టాలి. ఇందుకు కావలసిన నియమాలు చేసే అధికారం 69వ సెక్షన్ కింద ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు ఉంది, ఆమోదించాల్సింది రాష్ట్ర ప్రభుత్వమే. అమరావతి, హైదరాబాద్ సచివాలయాల్లో ఆ ఫైలు ఇంతవరకు ఎందుకు కదల్లేదో రెండు రాష్ట్రాల రెవెన్యూ మంత్రులూ శాసనసభలో జవాబు చెప్పాలి.